తువాలు కింది బేరం

మా ఇంట్లో మిగిలిన ఏ ఫొటోలోనూ చిన్నతాత నోరు మూసుకుని లేడు. వరదకు కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు పెట్టెలోని ఫొటోలు చాలావరకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎండబెట్టి, నెమ్మదిగా విడదీసి దక్కించుకున్న వాటిలో ఆయన ఉన్నవి కొన్నే. ఒకదాంట్లో పెళ్లి పందిట్లో వంటవాళ్లను అదిలిస్తున్నాడు. ఇంకోదాంట్లో ఫొటో తీసేవాడికే ఎట్లా తీయాలో చెబుతున్నాడు.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. పదకొండో రోజుకు పటం కట్టించాలని నాన్న ఆ ఫొటోలు స్టూడియోకు తీసుకుపోయాడు. "ఒక్కదాంట్లో అన్నా నోరు మూసుకున్నది లేదా శెట్టిగారూ? పోనీలే, కంప్యూటర్లో మూయిస్తా," అన్నాడట స్టూడియో ఆయన. మూయించాడు కూడా. పటం ఇంటికి వచ్చింది. నుదుట విభూతి, భుజాన ఎర్రంచు తువాలు, పెదవుల మీద ఏనాడూ లేని శాంతం. మా చెల్లెలు వాసవి దాని ముందు చాలాసేపు నిలబడి, "ఈయన మన తాత కాదు," అని లోపలికి పోయింది.

వాసవి మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే అందులో తీసి పారేయవలసింది ఉండదు. నాన్న మళ్లీ స్టూడియోకు పోయి, నోరు తెరిచిన పటమే కట్టించుకొచ్చాడు.

ఆయన మా తాతకు తమ్ముడు. మాకు పక్క సందులో, ఒంటి గదిలో ఉండేవాడు. పిల్లలు లేరు, భార్య ఎప్పుడో పోయింది. పొద్దున కాఫీకి మా ఇంటికొస్తే వీధి మలుపులోనే గొంతు వినిపించేది. అమ్మ ఆ గొంతు విని పాలు పొయ్యి మీద పెట్టేది. కాఫీ తాగుతూ అందులో చక్కెర తక్కువని అనేవాడు. చక్కెర వేస్తే డికాక్షన్ పలచనయిందనేవాడు. అడిగిన దానికి నేరుగా జవాబు చెప్పడం ఆయన వల్ల కాదు. "అన్నం తిన్నావా తాతా?" అంటే, "ఏం వండినారు?" అనేవాడు. క్షవరానికి కూర్చున్నా బేరమే. పురోహితుడితో మంత్రాలకు బేరమే. దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుని, పని అయ్యాక, "ఒక చిప్ప నీకు, ఒక చిప్ప నాకు, మధ్యలో నీళ్లు ఈ పాపకు," అని గుళ్లోనే పైకి అంటుంటే నేను స్తంభం చాటుకు పోయేదాన్ని. నాకు పదిమందిలో ఉండటమే కష్టం. ఆయన పక్కన ఉండటం మరీ కష్టం.

ఆయన శెనక్కాయల దలాలి. రైతు అడిగే ధరకూ, నూనె మిల్లు వాళ్లు ఇస్తామనే ధరకూ మధ్య ఆయన చెయ్యి ఉండేది. నిజంగానే చెయ్యి. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు. చేతుల మీద తువాలు కప్పుకుంటారు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎట్లా నొక్కితే ఎంత అన్నది వాళ్లకు తెలుసు. చుట్టూ మూగినవాళ్లకు తెలియదు. పైకి మాత్రం నోళ్లు ఆడుతూనే ఉంటాయి. వాన ఎప్పుడొస్తుందో, ఎవరింట్లో కాన్పు అయిందో, ఆలూరు బస్సు ఎందుకు లేటయిందో. అసలు మాట వేళ్లలో నడుస్తుంటుంది. కుదిరితే తువాలు దులిపి భుజాన వేసుకుంటారు. కుదరకపోతే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. చెయ్యి తీసుకున్నవాణ్ణి తిట్టకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

నాకు ఊహ తెలిసేటప్పటికి మార్కెట్ యార్డులో బహిరంగ వేలం వచ్చేసింది. గుడ్డ కింద రైతును ముంచినవాళ్లూ ఉన్నారు, అందుకే మానిపించారని నాన్న అనేవాడు. చిన్నతాత కాదనేవాడు కాదు. కానీ ఒకటి చెప్పేవాడు: "అందరి ముందర ధర అరిచినంక మనిషి దిగుతాడేమప్పా? పరువుకు దాన్నే పట్టుకొని యాలాడ్తాడు. గుడ్డ కింద అయితే ఎన్నిసార్లు దిగినా ఎవురికీ తెల్దు. అందుకే దిగుతాడు."

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఇది మా ఇంట్లో పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

వాసవి నాకన్నా బాగా చిన్నది. నేను ఇంటర్ చదివేటప్పుడు అది రెండో తరగతి. మొహంలోకి చూడదు. ఎవరైనా మెల్లగా తాకితే ఒళ్లు ముడుచుకుంటుంది, గట్టిగా పట్టుకుంటే ఊరుకుంటుంది. తల దువ్వితే వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. మనసు బాగున్నప్పుడు పొట్లాల మీది అక్షరాలన్నీ చదివేది, బాగాలేనప్పుడు గొంతే వచ్చేది కాదు. అప్పుడు చేతికి అందింది విసిరేది, నోటికి అందింది కొరికేది. చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు దీనికి పేరు చెప్పాడు. అప్పుడు మా దగ్గరున్న పేరు ఒక్కటే, మొండి.

మొండికి మందు కూడా ఒక్కటే అనుకునేవాళ్లం. బడిలో ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. ఇంట్లో నాన్న సరుకుల గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు. నాన్న క్రూరుడు కాడు. మాది చిల్లర అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. గిరాకీ ఉన్నప్పుడు లోపల్నుంచి అరుపులు వస్తుంటే ఆయన చెవులు ఎర్రబడేవి, అంతకన్నా ఏం చేయాలో ఆయనకు తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం చిన్నతాత వచ్చేసరికి సరుకుల గదికి గొళ్లెం ఉంది.

"లోపల ఎవురుండారు?" అన్నాడు.

"వాసవి మామా. బళ్లో పక్కపిల్లను కొరికిందంట," అంది అమ్మ.

"ఏంటికంట?"

"ఏంటికేముండాది? మొండి."

"అది కారణం కాదుమ్మా. కారణం తెల్దంటే మనం పెట్టుకునే పేరు."

గొళ్లెం తీసి లోపలికి పోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాసవి కందిపప్పు మూటల సందులో దూరి ఉంది. ఆయన దాని ఎదురుగా కూర్చోలేదు. ఒక మూటకు ఆనుకుని, గోడ వైపు చూస్తూ, గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. సుంకేసుల కాలువ నీళ్లు ఈసారి కూడా రావన్నాడు. గడియారం ఆసుపత్రి దగ్గర ఎవరో తన చెప్పులు ఎత్తుకుపోయారన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. అట్లా చాలాసేపు మాట్లాడి లేచిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇంకో రోజు తువాలు తన చేతి మీద కప్పుకుని కూర్చున్నాడు. వాసవి దాని వైపు చూసింది. ఎన్ని రోజులు పట్టిందో గుర్తులేదు గానీ, ఒకనాడు దాని చెయ్యి తనంతట తనే గుడ్డ కిందికి పోయింది. దలాలి పట్టు గట్టి పట్టు. అది వాసవికి నచ్చినట్టుంది.

"చూడు షావుకారమ్మా, మన బేరానికి మూడే పట్లు. చూపుడువేలు పట్టుకుంటే ఔను. చిటికెనవేలు పట్టుకుంటే కాదు. పిడికిలి బిగిస్తే, ఇప్పుడు నన్ను అడగొద్దు అని. సరేనా?"

తువాలు కింద ఏం జరిగిందో నాకు కనపడలేదు. చిన్నతాత మాత్రం, "ఓహో, అప్పుడే పిడికిలా? సరే పో, మాపుకొస్తా," అని నవ్వుతూ లేచాడు. అన్నట్టే సాయంత్రం వచ్చాడు. పిడికిలి బిగిస్తే లేచిపోవడం, చెప్పిన వేళకు మళ్లీ రావడం, ఆయన ఎన్నడూ తప్పలేదు. ఇదే మనిషి మా తాతతో ఏదో మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి పలకలేదు. కూరలో ఉప్పు తగ్గితే అమ్మను కంటతడి పెట్టించేవాడు. పెద్దవాళ్ల పిడికిలిని ఆయన ఎన్నడూ లెక్కపెట్టలేదు.

మొదటి బేరం తల దువ్వడం మీద కుదిరింది. వాసవికి నొప్పి. అమ్మకు పేలు పడతాయని భయం, పైగా ఆడపిల్లకు రెండు జడలు వేయాలని ఆశ. చిన్నతాత ఇద్దరి మధ్య కూర్చుని అటూ ఇటూ అడిగాడు. చివరికి మెడ దాకా కత్తిరించడం, నూనె మాత్రం తప్పకుండా పెట్టడం, ముందు భాగం వాసవే దువ్వుకోవడం, వెనక అమ్మ దువ్వడం. అమ్మకు జడలు పోయాయి. వాసవికి నూనె తప్పలేదు. ఇద్దరూ మొహాలు కొంచెం మాడ్చుకునే ఉన్నారు. ఆ మొహాలు చూసి చిన్నతాతకు ఎంతో సంతోషం. "బేరమయినంక ఇద్దరూ నవ్వినారంటే ఎవురో ఒకరు మోసపోయినట్టే," అన్నాడు.

"ఇట్ల అడిగి అడిగి గారాబం చేస్తే ఎట్ల మామా? రేప్పొద్దున ఇదే నెత్తినెక్కుతాది," అంది అమ్మ.

"గారాబమంటే అది అడిగిందంతా ఇచ్చేది. నేనేం ఇస్తినమ్మా? తల దువ్వొద్దంటినా? దువ్వాల్సిందే అంటి. దువ్వేదానికి అడ్డమేందని అడిగితి. అంతే."

బడి దగ్గర అంత సులభంగా కాలేదు. ఆటోలోంచి దిగి, బడి గేటు ముందర వాసవి నేల మీద పడుకునేది. ఆయా లాగేది, ఇది అరిచేది. ఆటోలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు కదా, అదే కారణమని చిన్నతాత లెక్క వేశాడు. అడిగాడు, చూపుడువేలు పట్టుకుంది. ఇంకేం, ఆటో మానిపించి రోజూ తనే నడిపించుకుపోయేటట్టు బేరం కుదిర్చాడు. నాకు కాలేజీ అటువైపే కాబట్టి నన్నూ వెంట రమ్మన్నాడు. వాసవి హాయిగా నడిచింది. దారిలో బోర్డులన్నీ చదివింది. గేటు దగ్గరికి రాగానే ఎప్పటిలాగే నేల మీద పడుకుంది.

దుమ్ములో పడుకున్న దాన్ని చూస్తూ ఆయన నెత్తి గోక్కున్నాడు. "ఒక సరుకు చెప్పంగనే పొట్లం కట్టేస్తిని. ఇంకా అని అడగలే," అన్నాడు.

నాన్న అంగట్లో రోజంతా అనే మాట అదే. చక్కెర తూచి, ఇంకా? ఉప్పు కట్టి, ఇంకా? గిరాకీ మనిషి 'అంతే' అనేవరకూ అడుగుతాడు. ఆ మాట అంగడి దాటి ఇంట్లోకి రావడం నేను చూసింది ఆ తర్వాతే.

చిన్నతాత తువాలు కప్పి, ఏ వేలో పైకి చెబుతూ మళ్లీ మొదలుపెట్టాడు. గేటా? చిటికెనవేలు. ప్రార్థనా? చిటికెనవేలు. పక్కపిల్లా? పిడికిలి. ఆ రోజుకు అంతే.

నాకు ఒక అనుమానం ఉండింది. ఇంటికి పోతూ, చిన్నగా, "తాతా, హాజరేమో," అన్నాను.

"హాజరేంది?"

పేరు పిలిస్తే పలకాలి కదా, అన్నాను. మేడమ్ ఒక్కొక్కరినే పిలుచుకుంటూ వస్తుంటే, మన వంతు వచ్చేదాకా గుండె దడదడలాడుతుంది. వచ్చినప్పుడు గొంతు పెగలదు. అందరూ తిరిగి చూస్తారు. పక్కవాళ్లు మోచేత్తో పొడుస్తారు. ఇదంతా నాకు ఎట్లా తెలుసో ఆయన అడగలేదు. కానీ నా మాట విని ఎగిరి గంతేయనూ లేదు.

"నువ్వు చెప్తే కాదు పాపా. అడగాల్సింది దాన్ని," అన్నాడు.

సాయంత్రం అడిగాడు. తువాలు కింద ఏ వేలు పట్టుకుందో చిన్నతాత చెప్పకముందే నాకు తెలిసింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయి, నా వైపు చూశాడు.

"ఇంకా?" అని అడిగాడు దాన్ని. వాసవి గోడ వైపు చూస్తూ నోటితోనే చెప్పింది: "పొడుస్తాది." కొరికింది ఆ పొడిచే పిల్లనే.

మర్నాడు ఆయన బడికి వచ్చాడు. ఆ రోజు నేను భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాను. వరండాలోనే, "ఏమమ్మా, రెండో తరగతి ఇదేనా? పిల్లోల్లా, గొర్రెల మందా?" అని కేక వేశాడు. మేడమ్ చిన్న వయసు ఆవిడ, నిండు గర్భిణి. అలసిపోయి ఉంది. వాసవి తరఫున పోట్లాటకు వచ్చాడనుకుంది.

"మీ పాపతో నాకు ఏగే శక్తి లేదు పెద్దాయనా," అంది.

"నిజమే. కష్టమే. అది కాదుమ్మా, మీకేం కావాల దాని కాన్నుంచి?"

ఆవిడ వింతగా చూసింది. "నాకేం కావాల? పిలిస్తే పలకాల. అంతే."

"ఏంటికి పలకాల?"

"వచ్చిండాదో లేదో తెలియొద్దా? నేను ఒక్కొక్కరిని తలెత్తి చూస్తా కూచుంటే ఈడ యుద్ధమయితాది."

"అంటే మీరు తల ఎత్తకుండానే, ఆ పాప వచ్చిండాదని తెలియాల."

"ఆ."

"ఇంకా?"

"దీన్ని ఒక్కదాన్ని ఇడిస్తే అందరూ మాకూ అంటారు."

"ఇంకా?"

ఆవిడకు నవ్వు వచ్చింది. "ఇంకేం లేదులే పెద్దాయనా."

చిన్నతాత బెంచీ మీద వాసవి పక్కన ఇరుక్కుని కూర్చుని తువాలు కప్పాడు. "విన్నావు కదా షావుకారమ్మా. నువ్వొచ్చినట్టు మేడమ్‌కు తెలియాల. నీకేమో అందరి ముందర నోరు రాదు. నాకయితే ఏం తోచలే. ఇద్దరికీ అయ్యేది ఏందో నువ్వే చెప్పు."

పిల్లలు గోల చేస్తున్నారు. మేడమ్ గోడకు ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి వాసవి చెయ్యి తీసుకుంది. బేరం చెడిందనుకున్నాను. అది లేచి బల్ల దగ్గరికి పోయి, అక్కడున్న సుద్దముక్క తీసి, తెరిచి ఉన్న హాజరు పుస్తకం మీద పెట్టి వచ్చింది.

"రోజూ," అంది.

ఆ క్లాసులో సుద్దముక్క మర్నాటికి మిగలదట. రోజూ ఎవరో ఒకరు ఆఫీసుకు పరిగెత్తి తేవాలట. మేడమ్ కాసేపు ఆలోచించి, "తెస్తే తెమ్మనండి. కానీ బెల్లు కాకముందే నా పుస్తకం మీద ఉండాల. లేకుంటే ఆబ్సెంటే," అంది. ఊరికే ఒప్పుకోకుండా తన షరతు తను పెట్టడం చిన్నతాతకు మరీ నచ్చింది. దారి పొడవునా ఆవిడను మెచ్చుకుంటూనే ఉన్నాడు. "ఆయమ్మి యార్డులో ఉండాల్సిండె," అన్నాడు.

ఆ తర్వాత అంతా బాగయిందని రాస్తే అబద్ధం. కొన్ని రోజులు గేటు ముందర పడుకునేది, కొన్ని రోజులు పడుకోదు. కానీ పొద్దున్నే ఆఫీసులోంచి సుద్దముక్క తీసుకుని, దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని, వరండా వెంబడి పోయే వాసవిని నేను గేటు బయటి నుంచి చూసేదాన్ని. ఎవరైనా అడ్డొస్తే చుట్టూ తిరిగి పోయేది.

మేడమ్ కాన్పుకు సెలవు పెట్టింది. ఆమె బదులు వచ్చిన ఆవిడకు ఈ ఒప్పందం సంగతి ఎవరూ చెప్పలేదు. పుస్తకం మీద సుద్దముక్క పెడితే ఆకతాయితనమనుకుని విసిరేసింది. పలకమంది. పలకలేదని బెంచీ ఎక్కించింది. దించడానికి చెయ్యి పట్టుకుంటే వాసవి ఆ చెయ్యి కొరికింది. నెత్తురు వచ్చింది. ఆ మధ్యాహ్నమే బడివాళ్లు నాన్నను పిలిచి, టీసీ తీసుకుపొమ్మన్నారు.

నంద్యాల దోవలో ఒక హాస్టలు ఉంది. అక్కడ వేస్తే ఎట్లాంటి పిల్లలయినా ఆర్నెల్లలో దారికొస్తారని బంధువులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎట్లా దారికొస్తారని ఎవరూ అడగలేదు, అడగకుండానే అందరికీ తెలుసు కాబట్టి. నాన్న వాళ్లతో ఫోన్లో మాట్లాడాడు. అమ్మ ఏడుస్తూనే రేకు పెట్టె సర్దింది. కొత్త స్టీలు అన్నం తట్ట మీదా గ్లాసు మీదా పేరు కొట్టించారు. వాసవి ఆ తట్ట ఒళ్లో పెట్టుకుని, చుక్కలు చుక్కలుగా ఉన్న తన పేరును వేలితో తడుముతూ కూర్చుంది. ఎక్కడికి పోతోందో దానికి ఎవరూ చెప్పలేదు.

తెల్లారి ప్రయాణం. ఆ పొద్దున చిన్నతాత ఎప్పటిలాగే కాఫీకి వచ్చాడు. పెట్టె చూశాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అంగట్లోకి పోయి తక్కెడ పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"బేరం చెడింది, నిజమే," అన్నాడు. "కొత్తామెకు చెప్పాల్సిండె. నాకు తట్టలే. మళ్లా కూచుందాం రా."

"ఎన్నిసార్లు కూచుంటావు చిన్నాయనా?" నాన్న చేతిలోని చేట కింద పడేశాడు. "ఈసారి ఇంకోటి. ఆ తరవాత ఇంకోటి. నీకేం, తువాలు కప్పుకుని గంట కూచుంటావు, ఎల్లిపోతావు. నా సంగతి తెల్సునా నీకు?"

"తెల్దు. చెప్పు."

"ఏం చెప్పేది?"

"నీకేం అడ్డమో చెప్పు. అది అరుస్తాదనా? గిరాకీ పోతాదనా?"

"గిరాకీ పోతే పోనీ." నాన్న వంగి చేట తీసి పక్కన పెట్టాడు. "నేనూ వాళ్లమ్మా ఎన్నాళ్లుంటాం? పెద్దది పెండ్లయి పోతాది. మేము పోయినంక దీన్నెవురు చూస్తారు? లోకం నీ మాదిరి ఏలు పట్టుకొని అడుగుతాదా? తంతాది. ఆ తన్నులేవో ఇప్పుడే నేర్చుకుంటే..." అటు తిరిగి, అప్పటికే సర్ది ఉన్న సబ్బులను మళ్లీ సర్దటం మొదలుపెట్టాడు.

మా నాన్న మనసులో అంత భయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మకు కూడా తెలియదనుకుంటాను. వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

చిన్నతాత ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. అట్లా ఏమీ కాదులే అనలేదు. "ఇది మాట," అన్నాడు. "దీనికి నా దగ్గర జవాబు లేదురా. ఉండాదంటే అబద్ధమయితాది." స్టూలు నాన్న వైపు జరుపుకున్నాడు. "ఈ మాట ఆ పాపకు చెప్పినావా?"

"దానికేం తెలుస్తాది?"

"నీకు ఏం అడ్డమో అది ఇనాల. దానికి ఏం అడ్డమో నువ్వు ఇనాల. ఆ తర్వాత పంపించేదో, పెట్టుకునేదో. అడగకుండా పంపించినా, అడగకుండా పెట్టుకున్నా రెండూ ఒకటే." భుజాన ఉన్న తువాలు తీసి నాన్న వైపు చాపాడు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "నాకు ఆ పట్లు రావు."

"రాకుంటే నోటితోనే అడుగు. చెవులుండాయి దానికి."

వాసవి అంగడి వెనక గుమ్మంలో, తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నాన్న గల్లాపెట్టె దాటి వచ్చాడు. దాని ఎదురుగా నిలబడ్డాడు. అది మొహం తిప్పుకుంది. కాస్త ఆగి, నాన్న దాని పక్కన మెట్టు మీద, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. పంచె సర్దుకున్నాడు.

"వాసవీ," అన్నాడు. "నాకు భయమయితాండాది." ఆగాడు. ఆ తర్వాత చిన్నతాతకు చెప్పినదంతా, చిన్న మాటల్లో, తడబడుతూ మళ్లీ చెప్పాడు. తను ఉండననీ, బయటివాళ్లు కొడతారనీ. హాస్టలు ఎట్లా ఉంటుందో కూడా దాచకుండా చెప్పాడు. "నువ్వు పోతావా, ఈడనే ఉంటావా? ఈడ ఉంటే బడికి ఎట్ల? నాకు తోచడం లే. నీకేమన్నా తోస్తే చెప్పు."

వాసవి వేలు తట్ట మీద అక్షరాల వెంబడి పోయింది. చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది. నాన్న కదల్లేదు. దానికి ఎంతసేపు పడుతుందో చిన్నతాతకు తెలుసు, నాకు తెలుసు. నాన్న మాత్రం మొదటిసారి కూర్చున్నాడు. లేచిపోతాడేమోనని నేను చూస్తున్నాను.

అంతలో వెనక వీధి సాయిబుల ఆడమనిషి చేతిలో గిన్నెతో అంగడి ముందుకు వచ్చింది. "అన్నా, పావుకిలో చక్కెర. జల్దీ ఇయ్యి, పొయ్యి మీద చాయ్ పెట్టొచ్చినా."

చిన్నతాత స్టూలు మీద నుంచి లేవలేదు. నాన్న తల తిప్పలేదు. వాసవి ఇంకా ఒక్క మాటా అనలేదు.

"రోంతసేపు ఉండమ్మా," అన్నాడు నాన్న. "మేము మాట్లాడుకుంటాండాం."